స్టువర్టుపురపు యాత్రికులు

తెనాలి స్టేషనునుండి దక్షిణముగా పోవు రైలుదారులు రెండు. ఒకటి రేపల్లెకు పోయి, కృష్ణ సముద్రమును కలియు సీమలో ముగిసిపోవును. రెండవది చుండూరు, నిడుబ్రోలు, అప్పికట్ల మీదుగా బాపట్ల చేరి, అచ్చటనుండి తీరము వెంబడి చీరాల, ఒంగోలు దాటి చెన్నపట్టణమువైపు సాగును. చిన్నతనమున నేను ఈ రెండవ దారిని పలుమారు ప్రయాణము చేసితిని. బాపట్ల దాటిన పిదప ఒక చిన్న స్టేషను సమీపించునప్పుడు మా పెట్టెలోని పెద్దలు మాటలాపి, తమ ట్రంకుపెట్టెలను కాళ్లదగ్గరకు లాగుకొనెడివారు. ఒక అవ్వ మెడలోని గొలుసును పైట క్రింద దాచుకొని, కిటికీ తలుపు దించినది నాకు నేటికిని జ్ఞాపకము. "ఎందుకవ్వా?" అని నేనడిగితిని. "స్టువర్టుపురము నాయనా" అని మాత్రము ఆమె చెప్పెను. ఆ సమాధానముతో పెట్టెలోని వారందరును తృప్తిపడిరి. నేనును తృప్తిపడితిని.

క్రైస్తవ విశ్వాసమందు కడవరకు నిలుచుటను గూర్చి, అది యొక యాత్రవంటిదను సంగతిని గూర్చి ప్రసంగించుటకు పూనుకొనినప్పుడు నాకు మొదట స్ఫురించినది ఈ స్టేషనే. పెద్దలకు ఇది వింతగా తోచవచ్చును. ఈ సీమలో క్రైస్తవ మతచరిత్రము వ్రాసినవారు సాధారణముగా దూరదేశమునుండి వచ్చినవారిని గూర్చి వ్రాయుదురు. 1842 జూలై 31వ తేదీన గుంటూరు చేరిన లూథరన్ మిషనరీ హెయరు దొరగారి కథ మీలో పలువురు వినియుందురు. జర్మనీలో పుట్టి, అమెరికాలో బోధకుడై, నలువదితొమ్మిదవ యేట ఆయన మన జిల్లాకు వచ్చెను. పిదప స్వదేశమునకు మరలిపోయినవాడు, రాజమండ్రి పని చేజారిపోవునను భయము కలిగినప్పుడు, 1869లో డెబ్బదియారేండ్ల ముసలితనమున మరల ఓడ యెక్కెను. తెనాలి, రేపల్లె సీమలలోని లూథరన్ సంఘములు ఆయన నాటిన చెట్టు కొమ్మలే. ఒంగోలు కొండమీద 1854 నూతన సంవత్సరదినమున ఐదుగురు కూడి ప్రార్థించిన సంగతియు ప్రసిద్ధమే. అప్పటికి ఫలము కానరాని నెల్లూరు బాప్తిస్టు మిషనును మూసివేయుదుమా యని అమెరికాలోని పెద్దలు తర్జనభర్జన పడుచుండిరి. వీరి పట్టుదల గొప్పదే. కాని వీరు తమంత తాము బయలుదేరి వచ్చినవారు, పోదలచినచో పోగలిగినవారు. నేను చెప్పబోవువారికి ఆ రెండును లేవు.

ఎరుకలవారిని ఎరుగని పల్లె మన దేశమున లేదు. ఎరుక యనగా తెలివి, తెలియజెప్పుట. ఆకాశరాజు ఇంటికి పద్మావతి పెండ్లి మాట చెప్పుటకై శ్రీనివాసుడంతటివాడు ఎరుకలసాని వేషమున పోయెనని మనవారు చెప్పుకొందురు. ఆనాడు గుమ్మములోనికి పిలిచి, చేటలో బియ్యము పోసి, చేయి చూపించుకొన్న జనమే తరువాతి కాలమున వారిని చూచి తలుపు గడియ వేసికొనిరి. నడుమ ఏమి జరిగినదో అదియే మన కథ.

ఎరుకలవారిలో చేసెడి పనినిబట్టి తెగలేర్పడినవి. వెదురు దబ్బలతో బుట్టలు, తట్టలు అల్లువారు దబ్బ ఎరుకలవారు. నేతగాండ్రకు కుంచెలు కట్టువారు కుంచె ఎరుకలవారు. కరివేపాకు అమ్మువారును, ఉప్పు అమ్మువారును వేరువేరుగా నుండిరి. వీరిలో ఉప్పు ఎరుకలవారి వర్తకము పెద్దది. చినగంజాము మొదలైన తీరపుటళములలో ఉప్పు కొని, గాడిదలమీదను ఎద్దులమీదను వేసికొని, కుటుంబములతో, కుక్కలతో, పందులతో పడమటి మెట్టసీమలకు పోయెడివారు. బండిబాట లేని యూళ్లకు కూడ వీరి గాడిద పోగలదు. అచ్చట ఉప్పు కొలిచి ధాన్యము, చింతపండు మొదలైనవి కొని, తిరుగుదారిలో అమ్ముకొనెడివారు. రాత్రియైనచో ఊరిబయట చాపల గుడిసె. తెల్లవారినచో మరల నడక. ఊరివారు వీరిని నమ్మి అరువు పెట్టుటయు, వీరు మరుసటి యేడు వచ్చి తీర్చుటయు కలదు. దొంగలకు అరువు పెట్టిన గ్రామమెచ్చటనైనను కలదా యని నేనడుగుదును.

ఈ నడకకు ఒకదాని తరువాత నొకటి అడ్డములు వచ్చినవి. 1805లో కుంఫిణీవారు మద్రాసు రాజధానిలో ఉప్పును తమ యేకస్వామ్యము చేసికొనిరి. వారి తరువాతి ప్రభుత్వము పన్ను హెచ్చించుచు పోయెను. 1882 నాటి అడవిచట్టము వచ్చిన పిదప గాడిదను మేపుటకును, వెదురు కొట్టుటకును అనుమతి కావలసివచ్చెను. 1876 మొదలు 1878 వరకు వచ్చిన ఘోరక్షామమున పశువులు చచ్చినవి. తుదకు 1899లో బెజవాడనుండి చెన్నపట్టణమునకు రైలు నడచెను. నెలదినములు గాడిదలు మోసికొనిపోవు ఉప్పును అది రెండు దినములలో చేర్చెను. నేను చిన్ననాడు ఎక్కిన రైలుదారి అదియే. దాని వలన మనకు మేలు కలుగలేదని నేననను. అయితే ఆ దారి పడినప్పుడు వేరొకరి దారి మూసికొనిపోయెనని మనమెవరమును గమనింపలేదు. జీవనము పోయినవారిలో కొందరు దొంగతనములకు దిగిరి. ఇది సత్యము. దానిని దాచుటవలన వారికి గౌరవము కలుగదు.

కొందరు చేసిన నేరమునకు ప్రభుత్వము కనుగొన్న విరుగుడు వింతైనది. 1871లో ఉత్తర హిందూస్థానమునకు ఒక చట్టము చేసి, కొన్ని తెగలను పుట్టుకతోనే నేరస్థులని ప్రకటించు అధికారము కలిగించుకొనిరి. 1911లో దానిని సవరించి, మన మద్రాసు రాజధానికిని వర్తింపజేసిరి. తెగను ప్రకటించిన పిదప అందలి వారి పేర్లు రిజిస్టరులో నెక్కును, వ్రేలిముద్రలు తీసికొందురు, నియమితవేళలకు వచ్చి హాజరు చెప్పవలెను, పాసు లేక ఎల్ల దాటరాదు. ప్రభుత్వమునకు తోచినచో వారిని సెటిల్‌మెంటు అను కాపలా పల్లెలో నుంచవచ్చును. బిడ్డలను తల్లిదండ్రులనుండి వేరుచేసి బడిలో పెట్టవచ్చును. ప్రకటన న్యాయమా, అన్యాయమా యని ఏ కోర్టును విచారింపరాదు. ఎరుకలవారు తాము ఏకలవ్యుని సంతతివారమని చెప్పుకొందురు. ఆ మాట నిజమైనచో, ఆ వంశమువారి బొటనవ్రేలిని పెద్దలడుగుట ఇది రెండవ పర్యాయము.

సెటిల్‌మెంటులు నడపుటకు ప్రభుత్వమునకు మనుష్యులు కావలసివచ్చిరి. కావలిలో అమెరికా బాప్తిస్టు మిషనువారును, సీతానగరమునను మన బాపట్ల తాలూకాలోను రక్షణ సైన్యమువారును ఆ భారము వహించిరి. రక్షణ సైన్యమును విలియము బూతుగారు 1865లో లండను నగరపు పేదవాడలలో ప్రారంభించిరి. 1882 సెప్టెంబరు 19వ తేదీన అది బొంబాయిలో దిగెను. దానిని తెచ్చిన ఫ్రెడరికు టక్కరుగారు అంతకుముందు సివిలు సర్వీసులో దొర. ఉద్యోగము వదలి, కాషాయము కట్టి, చెప్పులు విడిచి, ఫకీరు సింగు అని పేరు పెట్టుకొని ఊరూర తిరిగెను. బొంబాయి వీధులలో పాటలు పాడుచు ఊరేగింపు తీసినందులకు ఆయన చెరసాలకును పోయెను. తరువాత బూతుగారి కుమార్తెను పెండ్లాడి, బూత్ టక్కరని పిలువబడెను. 1908 మొదలు ఉత్తరదేశమున ఇట్టి తెగల సెటిల్‌మెంటులను చేపట్టినదియు ఆయన కాలముననే. మతమును బహిరంగముగా చాటుటకు జైలుకు పోయినవాడు, పాసు లేక కదలరాని పల్లెలకు పెద్దయయ్యెను. చరిత్ర మనుష్యుని ఎట్టి దారులకు త్రిప్పునో చూడుడు!

1913-14 ప్రాంతమున బాపట్లకు నైరుతి దిక్కున, రైలుదారి ప్రక్కనే ఒక పల్లె కట్టిరి. మద్రాసు గవర్నరుగారి కార్యాలోచన సభలో సభ్యుడైన సర్ హెరాల్డు స్టువర్టుగారి పేర దానికి స్టువర్టుపురమని నామకరణము చేసిరి. వేరువేరు తావులలో తిరుగుచున్న ఎరుకల కుటుంబములను తెచ్చి అందులో నుంచిరి. వారిలో శిక్షలు అనుభవించినవారు కలరు. ఏ నేరమును చేయనివారును కలరు. భూమి యిచ్చి సేద్యము నేర్పిరి. బడి పెట్టిరి. సేద్యముతో కడుపు నిండనివారిని పిమ్మట చీరాల పొగాకు కంపెనీ కూలికి పంపిరి. దినమునకు హాజరు, ఎల్ల దాటుటకు పాసు, వారమునకు ఆరాధన. సైన్యమువారి ఎరుపు, నీలము, పసుపు వన్నెల జెండా క్రింద డోలు మ్రోగెను. నడచుటయే బ్రతుకైనవారిని ఒక చోట కట్టివేసి, "పరలోకమునకు యాత్ర చేయుడు" అని చెప్పిరి.

సైన్యమువారిలో మంచివారు లేరని నా భావము కాదు. పోలీసు లాఠీకంటె వారి చేయి మెత్తనిదే. రోగులకు మందిచ్చిరి, ఎన్నడును బడి ముఖము చూడని పిల్లలకు అక్షరములు నేర్పిరి. బాపట్లలో కుష్ఠరోగులకు ఆసుపత్రి నడిపిన పుణ్యమును వారిది. నా ఆక్షేపణ వేరు. పాసు వ్రాయు చేయియు, ప్రార్థనకు పిలుచు చేయియు ఒక్కటే యైనప్పుడు, ఆ పిలుపునకు వచ్చినవాని మనస్సులో ఏమున్నదో ఎవరు చెప్పగలరు? వాడు దేవుని యెదుట మోకరించెనా, మేనేజరు యెదుట మోకరించెనా? ఆ సంగతి వానికైనను స్పష్టముగా తెలిసియుండదు.

ఈ ప్రశ్న నేను నేడు క్రొత్తగా కల్పించినది కాదు. స్టువర్టుపురమునకు ఎంతో దూరము కాని ఒంగోలులో, అంతకు ముప్పదియైదేండ్ల ముందే, ఒకరు దీనిని ఎదుర్కొనిరి. క్షామకాలమున జాను క్లౌగారు బకింగుహాము కాలువలో మూడున్నర మైళ్ల త్రవ్వకమును కంట్రాక్టు తీసికొని, ఆకలితో చచ్చువారికి పని కల్పించిరి. వేలకొలది మంది ఆ పనిమీద బ్రదికిరి. వారిలో అనేకులు బాప్తిస్మమడిగిరి. ఆయన ఈయలేదు. కూలి కొరకు వచ్చినవాడు, విశ్వాసము కొరకు వచ్చినవాడు ఎవరో తేలవలెనని, సహాయము ముగియువరకు ఏడాదికి పైగా ఆపి యుంచెను. పని ముగిసెను, కూలి ఆగెను. అప్పుడును వారు వచ్చిరి. 1878 జూలై 3వ తేదీన గుండ్లకమ్మ యేటిలో 2,222 మందికి బాప్తిస్మము జరిగెను. ఆ సంఖ్యను జగత్తంతయు చెప్పుకొన్నది. నాకు ఆ సంఖ్యకంటె దాని వెనుకనున్న నిరీక్షణయే గొప్పదిగా తోచును. అన్నము పెట్టు చేతిని, నీట ముంచు చేతిని ఆయన కొంతకాలము వేరుచేసి యుంచెను. స్టువర్టుపురములో అట్టి యెడము ముప్పదియేండ్లకు పైగా కలుగలేదు.

యాత్ర యను మాట వచ్చినప్పుడు జాను బనియనుగారిని తలంపక తీరదు. ఆయన వ్రాసిన కథ "యాత్రికుని ప్రయాణము" అను పేర మన భాషలోనికిని వచ్చినది. వీపుమీద పాపభారము మోయుచున్న ఒక మనుష్యుడు ఇల్లు విడిచి, బురదలలో పడుచు లేచుచు, వెలుగు పట్టణమునకు నడచుట అందలి కథ. మన పల్లెలలో క్రైస్తవేతరులు కూడ దానిని చదివి మెచ్చుకొన్నారు. బనియను ఎవరో పలువురకు తెలియదు. ఆయన పండితుడు కాడు. కుండలకు, బిందెలకు మాట్లు వేయుచు ఇంగ్లండు పల్లెలలో తిరుగువాడు. అట్టి పని చేయువారిని ఆ దేశమువారును కొంత అనుమానముతోనే చూచెడివారు. అనుమతి లేక బోధించెనని ఆయనను 1660లో పట్టి, పండ్రెండేండ్లు బెడ్‌ఫర్డు చెరసాలలో నుంచిరి. "ఇకమీదట బోధింపను" అని ఒక మాట చెప్పినచో విడిచిపెట్టెడివారే. ఆయన చెప్పలేదు. పుస్తకము 1678లో అచ్చయ్యెను. తిరుగుటకు వీలులేని తిరుగుడు జీవనమువాడే మోక్షయాత్రను అంత చక్కగా వర్ణించెను.

బనియనునకును మన ఎరుకలవానికిని ఒక భేదము కలదు. ఆయన ఒక మాట చెప్పి బయటపడవచ్చును. ఎరుకలవాడు ఏ మాట చెప్పినను బయటపడలేడు. ఆయన చేసిన పనికి శిక్ష పడెను. ఇతని పుట్టుకకే పడెను. కాబట్టి సెటిల్‌మెంటు ఉన్నంతకాలము స్టువర్టుపురములో విశ్వాసము ఎంత యుండెనని మిషను నివేదికలు చూచి లెక్కపెట్టుట వృథాశ్రమ. గేటు వేసి యున్న ఇంటిలో ఎందరున్నారని లెక్కించి, వీరందరికిని ఈ యిల్లు ఇష్టమని చెప్పుటవంటిది అది.

గేటు 1947లో తెరచిరి. ఆ సంవత్సరము మద్రాసు ప్రభుత్వము తన రాజధానిలో ఆ చట్టమును రద్దుచేసెను. దేశమంతటను 1952 ఆగస్టు 31న అది పోయెను. పాసు పోయెను, హాజరు పోయెను. దొర పేరు మాత్రము స్టేషను పలకమీద నిలిచెను. ఆ దినమున ఎరుకలవాడు, ఎవరిని అడుగకయే ఏ దిక్కునకైనను పోవచ్చును. ఊరు విడువవచ్చును, దేవుని విడువవచ్చును, తన తాతలు కొలిచిన దేవతలయొద్దకు మరలవచ్చును. కొందరు అట్లు చేసిరి. కొందరు నిలిచిరి. విశ్వాసయాత్ర యను మాటను నేను ఈ నిలిచినవారికే వాడదలచినాను. వింత యేమనగా, మొదటి ముప్పదియేండ్లకును రిజిస్టరులు, నివేదికలు, ఫోటోలు కలవు. పరిశోధకులు గ్రంథములు వ్రాసిరి. 1947 తరువాత తమ యిష్టముచే ఆరాధనకు వచ్చినవారిని గూర్చి వ్రాసినవారు అరుదు. కాపలా కాయువాడు లేనప్పుడు కాగితము వ్రాయువాడును లేకపోయెను.

వారు నిలిచిన మతశాఖయందు మరియొక విశేషము కలదు. రక్షణ సైన్యమువారు 1883 మొదలు బాప్తిస్మమును, ప్రభువు బల్లను ఆచరింపరు. లూథరన్, బాప్తిస్టు సోదరులకు ఇది లోపముగా తోచును. రేపల్లె ప్రాంతపు లూథరన్ పెద్ద యొకరు నాతో దీనిని గూర్చి గంటసేపు వాదించిరి. ఆ వాదములో నేను తీర్పరిని కాను. కాని దాని ఫలితము గమనింపుడు. నీటిలో మునిగిన దినమును చూపి, "నేను ఆనాటినుండి క్రైస్తవుడను" అని చెప్పుకొను వీలు ఈ శాఖవారికి లేదు. నిన్న వచ్చెను, నేడు వచ్చెను, రేపు వచ్చునా యనునదే వారి ముద్ర.

నిలుచుటకు చెల్లింపవలసిన వెల సీమనుబట్టి, కులమునుబట్టి మారును. తెనాలి, రేపల్లె తాలూకాలలోని దళిత క్రైస్తవులకు ఆ వెల కాగితముమీద పడెను. 1950లో రాష్ట్రపతిగారి ఉత్తరువుచే షెడ్యూల్డు కులముల హక్కులు హిందువులకు పరిమితమైనవి. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చిరి, క్రైస్తవులను చేర్చలేదు. తాతనాటినుండి గుడిలో కీర్తనలు పాడిన కుటుంబము, కుమారుని చదువుకొరకు తహసీలుదారుని యెదుట వేరొక మతము చెప్పుకొనవలసిన స్థితి వచ్చెను. చెప్పుకొన్నవారిని నేను నిందింపలేను, చెప్పుకొననివారికి నమస్కరింతును. ఎరుకలవారి సంగతి వేరు. వారు షెడ్యూల్డు తెగలలో చేరినవారగుటచే మతముచే ఆ హక్కు పోదు. వారు చెల్లించిన వెల కాగితముమీద కాదు, ఊరి పేరుమీద.

చట్టము పోయినను పేరు పోలేదు. ఎక్కడ ఇల్లు దోచబడినను పోలీసులు మొదట అక్కడకే పోయెడివారు. ఆ యూరివారు కొందరు దొంగతనములు మానకపోవుటయు దానికి కారణమే. ఉద్యోగమునకు పోయిన పడుచువాడు తన యూరు బాపట్ల యని చెప్పుకొనెను. 1991లో ఆ యూరి పేరు పెట్టి చలనచిత్రములు తీసిరి. 2023లోను అట్టి చిత్రమొకటి వచ్చెను. మన యూరి పేరుతో ఒక తిట్టు పుట్టి, అది మన యింటి పిల్లవానికి బడిలో వినబడినచో మనమెట్లుందుమో ఊహించుకొనుడు.

బోధకులు అట్టివారికి సిలువమీది దొంగ కథ చెప్పుట కలదు. క్రీస్తుతోకూడ పరదైసులో మొదట ప్రవేశించినవాడు దొంగయే యని ఓదార్పుగా చెప్పుదురు. కథ గొప్పదే. కాని నా మనస్సునకు అందొక ముల్లు తగులును. ఆ దొంగ తాను చేసినదానికే తగిన ఫలము పొందితినని ఒప్పుకొనెను. స్టువర్టుపురములో పుట్టిన పసిబిడ్డ ఏమని ఒప్పుకొనవలెను? ఆ బిడ్డకు నేనైనచో అబ్రాహాము కథ చెప్పుదును. వాగ్దానము పొందినవాడయ్యును అతడు గుడారములలో పరవాసివలె బ్రదికెనని హెబ్రీయులకు వ్రాసిన పత్రికలో నున్నది. ఊరిబయట చాపల గుడిసె వేసికొని, తెల్లవారగానే నడచిపోయిన తాత ఆ బిడ్డకు కలడు. ఆ పత్రికలోని భావము మెట్టింటి క్రైస్తవునికంటె ఆ బిడ్డకు తొందరగా అర్థమగును.

మరియొక మాట చెప్పక ఈ చరిత్రము పూర్తికాదు. 1970-80 నడిమి దశకమున స్టువర్టుపురమునకు పోయి, అచ్చటివారితో కలిసిమెలిసి, నేరమార్గమును విడువదలచినవారికి తోడునిలిచి, వారిపై పోలీసుల వేధింపు తగ్గించుటకు పాటుపడినవారు లవణముగారును, ఆయన భార్య హేమలతాలవణముగారును. హేమలతగారు వినుకొండలో 1932లో జన్మించిరి. "క్రీస్తు చరిత్ర" రచించి 1964లో సాహిత్య అకాడెమీ బహుమానము పొందిన గుఱ్ఱము జాషువ కవిగారి కుమార్తె. లవణముగారు నాస్తికోద్యమ నాయకుడైన గోరాగారి కుమారుడు. ఉప్పు సత్యాగ్రహము జరిగిన 1930లో పుట్టుటచే తండ్రి ఆయనకు లవణమని పేరు పెట్టెను. ఉప్పు వర్తకము పోగొట్టుకొన్నవారి యూరికి, ఉప్పు పేరుగలవాడు పోయెను. దంపతులిరువురును దేవుని నమ్మనివారే. మతము పేర పనిచేసినవారు కాపలా పెట్టిరి. దేవుడు లేడన్నవారు కాపలా లేకుండ పోయి కూర్చుండిరి. క్రైస్తవుడైన నాకు ఈ మాట చెప్పుటకు కొంత కష్టముగనే యున్నది. హేమలతగారు 2008లోను, లవణముగారు 2015లోను గతించిరి.

ఇప్పుడు ఆ సీమ 2022లో ఏర్పడిన బాపట్ల జిల్లాలో చేరినది. రేపల్లెయు అందులోనిదే, తెనాలి గుంటూరులోనే మిగిలినది. స్టువర్టుపురము స్టేషను ఉన్నచోటనే యున్నది.

ఆరంభమున నేను చెప్పిన బండిమాట సగమే చెప్పితిని. అవ్వ గొలుసు దాచుకొని, కిటికీ దించిన పిదప బండి ఆ స్టేషనులో ఆగెను. ఒక ముసలివాడు ఎక్కెను. తెల్లని చొక్కా, చేతిలో గుడ్డలో చుట్టిన పుస్తకము. ఆ యాకారమును, ఆ పట్టుకొనుటను బట్టి అది బైబిలని నేను చాల యేండ్లకు గాని గ్రహింపలేదు. బల్లమీద ఇద్దరు కూర్చుండుటకు చోటుండెను. అతడు దానివైపు చూచెను, మావైపు చూచెను. అవ్వ తన మూటను ఆ ఖాళీ చోటికి జరిపెను. నేను ఆమె ప్రక్కనే యుంటిని. జరుగుమని ఎవరును నాకు చెప్పలేదు, నేనును జరుగలేదు. అతడు ఏమియు అనలేదు. పుస్తకమును చంకలో పెట్టుకొని, తలుపు కమ్మీ పట్టుకొని, చీరాల వచ్చువరకు నిలుచుండియే యుండెను.